500 నోట్లు ఆగిపోతే నాన్నగారి డెబిట్ కార్డు ఏమవుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. మండల కేంద్రంలో ఒక్కరే ఉంటారు. పింఛను బ్యాంకులో పడుతుంది. స్మార్ట్‌ఫోన్ వాడరు, ఆయన దగ్గరున్నది రూపే డెబిట్ కార్డు ఒక్కటే. 500 నోట్లు రద్దవుతున్నాయని, ఏటీఎంలలో ఇక పెట్టరని ఎవరో వాట్సాప్ మెసేజ్ చూపించారట. ఖాతాలో ఉన్న లక్షా ఇరవై వేలూ తీసి ఇంట్లో పెట్టుకుంటానంటున్నారు. నోట్లు ఆగిపోతే కార్డు పనిచేస్తుందా? 2016లో పడ్డ పాట్లు మళ్లీ పడాలా? దుకాణంలో కార్డు ఇస్తే 2 శాతం అదనంగా అడుగుతున్నారు, అది సరైనదేనా? పెట్టె అడుగున రెండు 2,000 నోట్లు కూడా దొరికాయి. వాటినేం చేయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు నాన్నగారిని ఆ డబ్బు తీయకుండా ఆపండి. లక్షా ఇరవై వేలు అడిగితే బ్యాంకువాళ్లు చేతిలో పెట్టేవి చాలావరకు 500 నోట్లే. అంటే 240 కాగితాలు. ఏ నోటు పోతుందని భయపడుతున్నారో ఆ నోటునే మోసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నట్టు. ఖాతాలో ఉన్నది నోటు కాదు, అంకె. ఏ నోటు వచ్చినా ఏది పోయినా ఆ అంకె అలాగే ఉంటుంది. 2016లో వరసల్లో నిలబడింది డబ్బు నోట్ల రూపంలో ఉన్నవాళ్లూ, ఖాతాలో ఉన్నా నోట్లే కావలసినవాళ్లూ. కార్డు గీసి కొనుక్కోగలిగినవాళ్లకు ఖాతాలో ఉన్నంత మేరా అడ్డు లేదు.

ఆ మెసేజ్ పుట్టుక ఇదీ. 2025 ఏప్రిల్ 28న రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. చిన్న నోట్లు జనానికి దొరకాలి కాబట్టి 2025 సెప్టెంబరు 30 నాటికి 75 శాతం, 2026 మార్చి 31 నాటికి 90 శాతం ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్ (మిషన్ లోపల నోట్లు పేర్చే పెట్టె) నుంచి 100 లేదా 200 నోట్లు రావాలన్నది దాని సారాంశం. 500 తీసేయమని అందులో ఎక్కడా లేదు. దాన్ని తిప్పి 'మార్చి తర్వాత 500 నోట్లుండవు' అని ప్రచారం చేశారు. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ విభాగం చెప్పింది కూడా. నిజానికి ఆ ఆదేశం నాన్నగారిలాంటి వాళ్లకు మేలే చేస్తుంది. పాలవాడికి, ఆటోవాడికి ఇవ్వడానికి చిల్లర వెతుక్కోనక్కర్లేదు.

నోట్లు 'పోవడం' ఒకేలా ఉండదు. 2016 నవంబరు 8 రాత్రి జరిగింది రద్దు: అర్ధరాత్రి నుంచి పాత 500, 1,000 నోట్లకు చెల్లుబాటే లేకుండా పోయింది. విలువ ప్రకారం అవి చెలామణిలో ఉన్న నగదులో దాదాపు 86 శాతం. 2023 మే 19న 2,000 నోటు విషయంలో జరిగింది ఉపసంహరణ: నోటు చెల్లుతూనే ఉంటుంది, కొత్తగా ఇవ్వరు, వచ్చినవాటిని వెనక్కి తీసుకుంటారు. ఆ ఏడాది మార్చి నాటికి నగదు విలువలో 2,000 నోట్ల వాటా 10.8 శాతమే, ఏటీఎంలలో అప్పటికే అరుదు. అందుకే 2023లో కార్డు వాడేవాళ్లకు ఏ తేడా తెలియలేదు. ఇలాంటి కబురు ఎప్పుడు విన్నా రెండు సంగతులు చూసుకోండి: చెల్లుబాటే పోతోందా లేక చెలామణి మాత్రమే ఆగుతోందా అన్నది ఒకటి, ఆ నోటు మన ఏటీఎంలో ఎక్కువగా వచ్చేదేనా అన్నది రెండోది. రెండోదానికి జవాబు అవునైతే కొన్ని వారాలు ఇబ్బంది ఉంటుంది. ఆ ఇబ్బంది ముందుగా ఏటీఎం దగ్గరే మొదలవుతుంది.

ఎందుకో ఏటీఎం లోపలికి చూస్తే అర్థమవుతుంది. మామూలు ఏటీఎంలో నాలుగు క్యాసెట్లు, పనికిరాని నోట్లు పడే ఒక డబ్బా ఉంటాయి. ఒక్కో క్యాసెట్‌లో సుమారు 2,000 నుంచి 2,500 నోట్లు పడతాయి. క్యాసెట్ లోపలి అంచులు నోటు కొలతకు సరిగ్గా బిగించి ఉంటాయి. పాత 500 నోటు 73 మిల్లీమీటర్ల వెడల్పు, 167 పొడవు. కొత్తది 66 వెడల్పు, 150 పొడవు. కొత్త నోట్లు పాత క్యాసెట్‌లో పెడితే ఒకదాని వెంట ఒకటి రాక ఇరుక్కుంటాయి. దేశంలో 2016 నాటికి రెండు లక్షలకు పైగా ఏటీఎంలు. ప్రతిదాని దగ్గరికీ మనిషి వెళ్లి క్యాసెట్ సరిచేసి, సాఫ్ట్‌వేర్‌లో కొత్త నోటు వివరం ఎక్కించాలి. అప్పటిదాకా ఆ మిషన్ ఇవ్వగలిగింది వంద రూపాయల నోట్లే. ఒక క్యాసెట్ నిండా 2,500 వందలు పెడితే రెండున్నర లక్షలు. అప్పటి పరిమితి ప్రకారం మనిషికి 2,000 చొప్పున ఇస్తే 125 మందికి సరి! 126వ మనిషికి 'నగదు లేదు'. 'ఏటీఎంలో పొద్దున పెట్టారు, గంటలో అయిపోయింది' అని అప్పట్లో అందరూ అన్నమాట వెనక లెక్క ఇదే.

ఆ 2,000 పరిమితి సరిచేసిన ఏటీఎంలలో 2,500 అయింది. 2017 జనవరి 1 నుంచి 4,500, జనవరి 16 నుంచి 10,000 చేశారు. వారానికి తీసుకునే మొత్తం మీద కూడా పరిమితి ఉండేది. 2017 మార్చి 13న పూర్తిగా ఎత్తేశారు. ఇవన్నీ నగదు మీద పరిమితులు. దుకాణంలో కార్డు గీయడం మీద ఏ పరిమితీ పెట్టలేదు. 2016 అక్టోబరులో దుకాణాల్లో డెబిట్ కార్డు లావాదేవీలు సుమారు 14 కోట్లు. డిసెంబరుకు 41 కోట్లు దాటాయి. రెండు నెలల్లో మూడింతలు.

దాంతో ఇబ్బంది ఏటీఎం నుంచి దుకాణంలోని స్వైపింగ్ మిషన్ దగ్గరికి మారింది. కార్డు పెట్టి పిన్ కొట్టగానే కబురు దుకాణదారు బ్యాంకుకు, అక్కడి నుంచి రూపేలాంటి నెట్‌వర్క్‌కు, అక్కడి నుంచి మీ బ్యాంకుకు వెళ్తుంది. మీ బ్యాంకు సరేనంటే డబ్బు తగ్గించి జవాబు పంపుతుంది. అది అదే దారిలో వెనక్కి రావాలి. రద్దీ ఎక్కువై ఆ జవాబు ఆలస్యమైతే మిషన్ కొన్ని సెకన్లు చూసి 'కాలేదు' అని చేతులెత్తేస్తుంది. ఖాతాలో డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తుంది, దుకాణంలో మాత్రం అందలేదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అలా జరిగినప్పుడు గొడవ పడకుండా మిషన్ నుంచి వచ్చిన చీటీ అడిగి తీసుకోండి. విఫలమైన లావాదేవీకి కూడా చాలా మిషన్లు చీటీ ఇస్తాయి. పైన దుకాణం పేరు, ఏ బ్యాంకు మిషనో ఉంటుంది. కింద టీఐడీ అని మిషన్ నంబరు, ఆర్ఆర్ఎన్ అని 12 అంకెల నంబరు ఉంటాయి. ఆ 12 అంకెలే ఫిర్యాదుకు ప్రాణం. కొన్ని మిషన్లు రెండంకెల కోడ్ కూడా చూపిస్తాయి. 51 అంటే ఖాతాలో సరిపడా లేదు. 55 అంటే పిన్ తప్పు. 61 అంటే రోజువారీ పరిమితి దాటింది. 75 అంటే పిన్ చాలాసార్లు తప్పు కొట్టారు, 54 అంటే కార్డు గడువు తీరింది. 91 వస్తే మీ బ్యాంకు వైపు నుంచి జవాబు రాలేదు. కార్డులో లోపం లేదు, పది నిమిషాలాగి చూడవచ్చు. 55 వస్తే మాత్రం ఊహించి కొట్టొద్దు. చాలా బ్యాంకుల్లో మూడుసార్లు తప్పితే ఆ రోజుకు కార్డు పనిచేయదు.

దుకాణదారు మళ్లీ గీయమంటే, 'మొదటిది అందలేదు' అని ఆ చీటీ మీదే రాసి సంతకం చేయించుకుని అప్పుడు గీయండి. రెండూ అందాయని అక్కడికక్కడే తేలితే, ఆ రోజు లెక్క మూసేలోపు ఒకదాన్ని మిషన్‌లోనే 'వాయిడ్' (రద్దు) చేయించవచ్చు. లెక్క మూశాక ఇక రీఫండే దారి, దానికి రోజులు పడతాయి. డబ్బు పోయి దుకాణానికి అందకపోతే లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లోపు బ్యాంకు దానంతట అదే వెనక్కి వేయాలి. దాటితే రోజుకు రూ.100 పరిహారం. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గినా ఇదే గడువు, ఇదే పరిహారం. ఇవి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నిబంధనలు. మీరు అడగకపోయినా పరిహారం వేయాలనే వాటిలో ఉంది. అడిగితే తొందరగా పడుతుందన్నది వేరే సంగతి.

ఏటీఎంలో నోట్లు రానప్పుడు చాలామంది చేసే తప్పు వెంటనే బయటికి వచ్చేయడం. తెర మొదటి పేజీకి వచ్చేదాకా అక్కడే నిలబడాలని నాన్నగారికి చెప్పండి. ఒక్కోసారి నోట్లు ఆలస్యంగా వస్తాయి, వెనక నిలబడ్డవాళ్ల చేతిలో పడతాయి. అదే మిషన్‌లో మళ్లీ ప్రయత్నించకూడదు. ఏటీఎం మీద అంటించిన నంబరు, టైము రాసుకోవాలి, చీటీ వస్తే దాచాలి. ఫిర్యాదు కార్డు ఇచ్చిన బ్యాంకులో చేయాలి, ఏటీఎం ఎవరిదైనా సరే. బ్యాంకువాళ్లు ఆ మిషన్ లోపలి లాగ్ చూస్తారు, ఆ రోజు క్యాసెట్లలో లెక్కకు మించి నగదు మిగిలిందా అని సరిచూస్తారు, అవసరమైతే కెమెరా దృశ్యాలు తెప్పిస్తారు. ఆ దృశ్యాలు ఎంతోకాలం ఉంచరు, కాబట్టి నెల తర్వాత వెళ్తే వాదన బలహీనపడుతుంది. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, చెప్పిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 14448కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఏటీఎం ఛార్జీల గురించి మీరు అడగలేదు గానీ, నగదు కొరత రోజుల్లో నాలుగు ఏటీఎంలు తిరిగేవాళ్లకు ఈ భయం ఉంటుంది. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు 5 లావాదేవీలు ఉచితం. ఇతర బ్యాంకులవైతే మీ మండల కేంద్రంలాంటి చోట 5, హైదరాబాద్‌లాంటి మెట్రోల్లో 3. దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోదానికి గరిష్ఠంగా రూ.23, ఆపై పన్ను. మిషన్‌లో నగదు లేక, సాంకేతిక లోపం వల్ల, పిన్ తప్పై విఫలమైనవి ఈ లెక్కలోకి రావు. ఇతర బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకోవడం మాత్రం లెక్కలోకి వస్తుంది, అది మానిపించండి.

చిన్న నోట్లు రావాలంటే ఒక కిటుకు ఉంది. 2,000 అడిగితే మిషన్ సాధారణంగా నాలుగు 500లు ఇస్తుంది. 1,900 అడగండి: మూడు 500లు, మిగతా 400కు చిన్న నోట్లు ఇవ్వక తప్పదు. చిన్న నోట్ల క్యాసెట్ ఖాళీగా ఉంటే ఆ మొత్తం కుదరదని తెర మీద చెబుతుంది, ఖాతాలో ఏమీ తగ్గదు.

ఏటీఎం ఒక్కటే ఉన్న ఊళ్లో నాన్నగారికి ఇంకో దారి చూపించి ఉంచాలి. కొన్ని కిరాణా దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో స్వైపింగ్ మిషన్ మీద డెబిట్ కార్డు గీసి నగదు తీసుకోవచ్చు. ఏమీ కొనకపోయినా ఇస్తారు. చిన్న పట్టణాలు, గ్రామాల్లో కార్డుకు రోజుకు రూ.2,000, పెద్ద ఊళ్లలో రూ.1,000; నెలకు రూ.10,000. ఛార్జీ 1 శాతం మించకూడదు. అన్ని దుకాణాలూ ఇవ్వవు, బ్యాంకు అనుమతించినవే ఇస్తాయి. గల్లాలో నగదు కూడా ఉండాలి. ముందే అడిగి ఒక దుకాణం గుర్తు పెట్టుకోవాలి. ఊళ్లో బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున నగదు ఇచ్చే స్థానిక ప్రతినిధి) ఉంటే చిన్న మైక్రో ఏటీఎం మీద కార్డుతోనో, ఆధార్ వేలిముద్రతోనో ఇస్తారు. వేలిముద్ర ఒకసారి పడలేదని మళ్లీ మళ్లీ పెట్టమంటే ప్రతిసారీ చీటీ అడగాలి. మోసాలు ఎక్కువగా జరిగేది అక్కడే.

ఇక ఆ 2 శాతం సంగతి. డెబిట్ కార్డు మీద కొనుగోలుదారు దగ్గర అదనం వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. పైగా రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి 1 నుంచి దుకాణదారు బ్యాంకుకు కట్టాల్సిన ఎండీఆర్ ఛార్జీ సున్నా. ఇతర డెబిట్ కార్డులకు ఏడాది అమ్మకం 20 లక్షల లోపు ఉన్న దుకాణానికి గరిష్ఠంగా 0.40 శాతం, పెద్దవాటికి 0.90. ఉదాహరణకు 1,500 రూపాయల బిల్లు మీద దుకాణదారుకు అయ్యేది ఎక్కువలో ఎక్కువ రూ.13.50, నాన్నగారి రూపే కార్డు మీదైతే ఏమీ లేదు. అడిగేది మాత్రం 30 రూపాయలు. చాలాచోట్ల ఇది మోసం కంటే క్రెడిట్ కార్డు ఛార్జీని అన్నింటికీ కలిపేసే అలవాటు. 'ఇది రూపే డెబిట్, దీనికి ఛార్జీ లేదు కదండీ' అంటే చాలామంది వదిలేస్తారు. వదలకపోతే బిల్లులో ఆ 30 రూపాయలు విడిగా రాయించుకుని, స్లిప్పు పైన పేరున్న బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. దుకాణదారు జవాబు చెప్పుకోవాల్సింది ఆ బ్యాంకుకే.

ఈ వారంలో మీరు చేయవలసిన పనులు కొన్నున్నాయి. కార్డు మీద గడువు తేదీ చూడండి. ఆర్నెల్లలోపు తీరేటట్టుంటే కొత్తది ఎప్పుడు, ఏ చిరునామాకు వస్తుందో బ్రాంచిలో అడగండి. రద్దీ రోజుల్లో కొత్త కార్డు రావడం కష్టం. పాస్‌బుక్‌లో ఉన్న ఫోన్ నంబరు నాన్నగారు వాడుతున్నదేనా చూడండి. ఏటీఎం పరిమితి, దుకాణాల పరిమితి వేరువేరుగా ఉంటాయి. బ్రాంచిలో అడిగి ఏటీఎం పరిమితి అవసరమైనంతకు తగ్గించి, దుకాణాలది మందులు, సరుకులకు సరిపోయేలా ఉంచండి. ఆన్‌లైన్, విదేశీ వాడకం మూసేయించండి. పిన్ లేకుండా తాకించి కట్టే సౌకర్యం ఒక్కోసారికి రూ.5,000 దాకా పనిచేస్తుంది. కార్డు పోగొట్టుకునే వయసులో అది తెరిచి ఉంచడం మాకు ఇష్టం లేదు.

ఇంట్లో నగదు ఎంత? పదిహేను రోజుల చిల్లర ఖర్చుకు సరిపడా, అదీ 100, 200 నోట్లలో. కౌంటర్‌లో అడిగితే వందల కట్ట ఇస్తారు: వంద నోట్లు, పదివేలు. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

నిజంగా ఎప్పుడైనా ఏదో నోటు ఆపితే రెండు రకాల మనుషులు తలుపు తడతారు. ఒకరు కమీషన్ తీసుకుని నోట్లు మార్చిపెడతామంటారు; బ్యాంకులో మార్పిడికి ఛార్జీ ఉండదు. ఇంకొకరు తమ నోట్లు మీ ఖాతాలో వేసుకుని తర్వాత తీసి ఇమ్మంటారు. 2016లో అలా ఖాతా అరువిచ్చినవాళ్ల మీద బినామీ చట్టం పెడతామని ఆదాయపన్ను శాఖ హెచ్చరించింది. వీళ్లు కాక ఫోన్‌లో మూడో రకం: 'నోట్లు మారాయి కాబట్టి మీ కార్డు ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి.' నోటు మారినందుకు ఏ కార్డూ ఆగదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే కార్డు ఆపించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. మన తప్పు లేని చోట మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే నష్టం మన మీద పడదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మనదే, కాబట్టి ప్రతి నిమిషమూ లెక్కే. నాన్నగారి కార్డు కవరులో ఒక చీటీ మీద బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరు, 1930, మీ నంబరు రాసి పెట్టండి. పిన్ మాత్రం ఆ చీటీ మీద రాయకండి.

పెట్టెలో దొరికిన రెండు 2,000 నోట్లకు విలువ పోలేదు. బ్యాంకు బ్రాంచిల్లో మార్చుకునే గడువు 2023 అక్టోబరు 7తో ముగిసింది. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు 19 ఇష్యూ కార్యాలయాల్లో తీసుకుంటున్నారు. మనకు దగ్గరది హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉంది. నాన్నగారిని అంతదూరం తిప్పనక్కర్లేదు. ఏ పోస్టాఫీసు నుంచైనా ఇన్సూర్డ్ పోస్టులో పంపవచ్చు, డబ్బు ఖాతాలో పడుతుంది. దరఖాస్తు, గుర్తింపు కార్డు నకలు, ఖాతా నంబరు కనిపించే పాస్‌బుక్ పేజీ నకలు జతచేయండి. నోట్ల మీది సీరియల్ నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని, పోస్టు రసీదుతో కలిపి డబ్బు పడేదాకా ఉంచండి.